పాట ఆగితే కాళ్ళూ ఆగిపోతున్నాయి. ఇది అలవాటా, మనసు బలహీనతా?

తెల్లారిపరుగు
ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి పేరిచ్చాను. 21.1 కిలోమీటర్లు. పదకొండు వారాలుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మొన్న ఆదివారం 16 కిలోమీటర్ల లాంగ్ రన్. తెల్లవారుజామున 5 గంటలకు నెక్లెస్ రోడ్డులో మొదలుపెట్టాను. పదో కిలోమీటరు దాటాక చెవిలో రెండుసార్లు కుయ్‌మంది. ఇయర్‌బడ్స్ చార్జింగ్ అయిపోయింది. చరణం మధ్యలో పాట తెగిపోయింది.

ఆ తర్వాత జరిగిందే నాకు అర్థం కావడం లేదు. ఉన్నట్టుండి నా ఊపిరి చప్పుడు నాకే వినపడింది. ఎవరో రొప్పుతూ వెనకాలే వస్తున్నారనుకుని తిరిగి చూశాను కూడా. బూట్లు రోడ్డుకు తగిలే చప్పుడు, నడుముకు కట్టుకున్న సీసాలో నీళ్ళు కదిలే చప్పుడు. అరకిలోమీటరు పోకముందే కాళ్ళు బరువెక్కాయి, డొక్కలో పట్టేసింది. ఆగిపోయి టీ బండి పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఇంటికొచ్చి వాచీలో చూస్తే పాట ఉన్నప్పుడు గుండె వేగం 154, పాట ఆగాక 153. అంటే ఒంట్లో ఏ తేడా లేదు.

అడగాలనుకున్నది ఇదే. ఇన్ని వారాలు పరిగెత్తింది నేనా, ఆ పాటలా?

ఉక్కుపిడికిలి
మీరే పరిగెత్తారు. పాట చెవిలో ఉంటే చాలదు కదా, కాళ్ళు కదలాలిగా. ఇంకో జత ఇయర్‌ఫోన్స్ కొనుక్కోండి, అయిపోయింది. నేను పాట లేకుండా జిమ్ మెట్లు కూడా ఎక్కను. మాస్ పాటలో ఆ తీన్‌మార్ దరువు మొదలైతే డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బరువును నడుము దాకా ఎత్తడంలో, పది కిలోలు ఎక్కువ లేస్తుంది.

నిశ్శబ్దనడక
పై పోస్టుతో నేను అస్సలు ఒప్పుకోను. ఇంకో జత కొంటే సమస్య ఇంకో రోజుకు వాయిదా పడుతుంది, అంతే. నా మాట వినండి, ఇయర్‌ఫోన్స్ ఇంట్లో పెట్టేసి నెల రోజులు పరిగెత్తండి. మనసు గట్టిపడాలంటే ఊతకర్ర పారెయ్యాలి. మా రోజుల్లో ఇవేవీ లేవు, మేం పరిగెత్తలేదా? ఇదంతా ఈ పదిహేనేళ్ళ ఫ్యాషన్.

బీచ్‌రోడ్డు_కోచ్
వైజాగ్‌లో పిల్లలకు పరుగు నేర్పుతాను, పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఫ్యాషన్ అన్న మాట దగ్గర మొదలుపెడతాను. న్యూయార్క్‌లో అప్పట్లో ఆరు రోజుల సైకిల్ పోటీలు జరిగేవి. ఆ హాల్లో బ్యాండు వాయించేవాళ్ళు. లెనార్డ్ అయర్స్ అనే ఆయన గడియారం పట్టుకుని కూర్చుని, బ్యాండు మోగుతున్నప్పుడు సైకిలిస్టులు గంటకు 19.6 మైళ్ళు, ఆగినప్పుడు 17.9 మైళ్ళు తొక్కుతున్నారని లెక్క తేల్చారు. 1911లో అచ్చయింది. కాబట్టి ఇది నూరేళ్ళు దాటిన ముచ్చట.

ఇక తెల్లారిపరుగు గారి ప్రశ్న. లండన్‌లోని బ్రూనెల్ యూనివర్సిటీలో కోస్టాస్ కరాగియోర్గిస్ అనే ఆయన ఈ ఒక్క విషయం మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. మామూలు వేగంలో, అంటే పక్కవాళ్ళతో మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంలో, పాట ఉంటే మనకు తెలిసే కష్టం సుమారు 10 శాతం తగ్గుతుందని ఆయన చెబుతారు. ఇక్కడ ఒక మాట పట్టుకోండి. కష్టం తగ్గడం కాదు, కష్టం తెలియడం తగ్గడం. గుండె అంతే కొట్టుకుంటుంది, కండరాలు అంతే కాలుతాయి. మీ వాచీ చూపించిన 154, 153 అదే.

పదో కిలోమీటరులో మీకు కొత్తగా అలసట పుట్టలేదు. అప్పటిదాకా పాట కప్పి ఉంచిన అలసట మొత్తం ఒక్కసారి బయటపడింది. పిల్లవాడు ఏడవకుండా ఆడిస్తూ ఆడిస్తూ ఆపేస్తే ఏమవుతుంది? అలాగన్నమాట.

తెల్లారిపరుగు
కోచ్ గారూ, ఈ మాట చదివాక రెండు రోజుల దిగులు తగ్గింది. కానీ ఒకటి. వేగం పెంచి పరిగెత్తే రోజుల్లో, మధ్యమధ్య ఆగుతూ 400 మీటర్లు మళ్ళీ మళ్ళీ పరిగెత్తే రిపీట్లు చేసేటప్పుడు, నాకు పాట వినపడినట్టే ఉండదు. ఏ పాట వచ్చిందో కూడా గుర్తుండదు. అదెందుకు?

బీచ్‌రోడ్డు_కోచ్
అదే తర్వాతి సంగతి. వేగం ఒక హద్దు దాటాక ఒళ్ళు గట్టిగా అరుస్తుంది. ఊపిరి, తొడలు, గుండె అన్నీ ఒకేసారి. ఆ అరుపు ముందు పాట నిలవదు. అందుకే పాట సాయం చేసేది తేలికపాటి, మధ్యరకం కష్టంలోనే. పోటీలో చివరి మూడు కిలోమీటర్లు ఎలాగూ మీరే పరిగెత్తాలి, పాట అక్కడిదాకా రాదు.

ఉక్కుపిడికిలి
అయితే నా డెడ్‌లిఫ్ట్ సంగతేంటి కోచ్ గారూ? అది తేలికపాటి కష్టమేం కాదుగా.

కొండవెలగాడ_బరువు
దీనికి నేను చెబుతాను తమ్ముడూ. మాది విజయనగరం జిల్లా, మా ఊళ్ళో ఇంటింటికీ వెయిట్‌లిఫ్టర్ ఉంటారు. వార్మప్ గదిలో పాటలు మేమూ పెట్టుకుంటాం. నీకు లేచే పది కిలోలు పాట వింటూ ఎత్తినందుకు కాదు, ఎత్తే ముందు వేడెక్కినందుకు. నీ సెట్టు ఎంతసేపు? నాలుగైదు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో ఏ పాట వినపడిందో ఎప్పుడైనా గుర్తుందా?

పోటీలో పేరు పిలిచాక బార్ ఎత్తడానికి ఒక్క నిమిషం. గడియారం పడిపోతూ ఉంటుంది. చేతులకు సుద్ద రాసుకుని ప్లాట్‌ఫారం ఎక్కగానే హాలంతా గప్‌చుప్. నా మొదటి రాష్ట్రస్థాయి పోటీలో ఆ నిశ్శబ్దానికే భయపడ్డాను. బార్ పట్టుకుంటే గరుకు అరచేతిలో గుచ్చుకుంటోంది, అంతకుముందు వెయ్యిసార్లు పట్టుకున్న బారే, కానీ ఆ గరుకు అప్పుడే మొదటిసారి తెలిసినట్టు అనిపించింది. స్నాచ్‌లో, అంటే బార్‌ను ఒకే ఊపులో తల మీదికి ఎత్తడంలో, మూడు ప్రయత్నాలూ పోయాయి. మా గురువుగారు తిట్టలేదు. మర్నాటి నుంచి ప్రతి ప్రాక్టీసులో ఆఖరి మూడు లిఫ్టులకు రేడియో కట్టేసి, అందరినీ గోడకు నిలబెట్టి, నన్ను చూడమనేవారు. ఎవరూ మాట్లాడకూడదు. ఆరు నెలలు అలాగే.

మా పక్క జిల్లా శ్రీకాకుళం ఆడబిడ్డ మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ 110, భుజాల దాకా లేపి తర్వాత తల మీదికి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. ఆఖరి ప్రయత్నం 137.5 కిలోలు. అది నిలవలేదు. అంత బరువు ముందు, ప్రపంచం మొత్తం చూస్తుండగా ఒంటరిగా నిలబడటం ఏమిటో ప్లాట్‌ఫారం ఎక్కినవాళ్ళకు తెలుసు. ఆ వీడియో చూసినప్పుడల్లా నా చేతులు చెమటలు పడతాయి.

ఉక్కుపిడికిలి
అన్నా, నిజమే. ఎత్తేటప్పుడు ఏ పాట నడుస్తోందో ఎప్పుడూ గుర్తులేదు. ఇప్పటిదాకా ఆలోచించలేదు.

ఖాకీకల_సూర్యాపేట
అక్కా, నాది అచ్చం మీ కథే, కానీ నాకు ఎక్కువ నష్టమైంది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే ఒంటి పరీక్షలు, ఈవెంట్స్ అంటాం. మగవాళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో అయిపోవాలి. నాలుగు నెలలు మా ఊరి కాలువ గట్టు మీద చెవిలో పాట పెట్టుకుని పరిగెత్తాను. 6 నిమిషాల 50 సెకన్లలో వచ్చేవాణ్ణి. పాటల లిస్టు కూడా అలాగే పేర్చుకున్నాను, మూడో రౌండులో ఆ దరువు, నాలుగో రౌండులో ఈ దరువు అని.

గ్రౌండులో ఫోన్ బయటే పెట్టించేశారు. కాలికి చిప్ కట్టారు. విజిల్ ఊదారు. చుట్టూ వందల కాళ్ళ చప్పుడు, దుమ్ము. నా వేగం ఎంతో నాకే తెలియలేదు. మొదటి రౌండు పిచ్చిగా పరిగెత్తేశాను. మూడో రౌండుకు నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అంటుకుంది. తొమ్మిది సెకన్లు ఆలస్యం. తొమ్మిది సెకన్లకు మళ్ళీ నోటిఫికేషన్ పడేదాకా ఎదురుచూపులు. మా నాన్న ఏమీ అనలేదు, బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నిశ్శబ్దనడక
తమ్ముడూ, ఇది చదివి మనసు ఎలాగో అయిపోయింది. నేను చెప్పింది కూడా ఇదే. ప్రాక్టీసు చేసిన పరిస్థితి ఒకటి, పరీక్ష జరిగే పరిస్థితి ఇంకొకటి అయితే ఎవరికైనా ఇంతే.

డల్లాస్_పరుగు
సూర్యాపేట తమ్ముడి పోస్టుకు కలుపుతున్నాను. రోడ్డు పోటీల్లో కూడా రూల్స్ చూసుకోవాలి. ఇక్కడ అమెరికాలో అథ్లెటిక్స్ సంఘం 2007లో పోటీల్లో హెడ్‌ఫోన్స్ మొత్తంగా నిషేధించింది. మామూలు రన్నర్లు గొడవ చేశారు. 2008 చివర్లో సడలించి, పతకాలకు, ప్రైజ్‌మనీకి పోటీపడేవాళ్ళకే నిషేధం ఉంచారు. వెనకాల పరిగెత్తే నాలాంటివాళ్ళకు నిర్వాహకుల ఇష్టం. ట్రాక్ మీద పెద్ద పోటీల్లోనైతే చెవిలో పాట పెట్టుకోవడం బయటి సాయం కిందికే వస్తుంది. అంటే పాట పనిచేస్తుందని రూల్స్ రాసేవాళ్ళు కూడా ఒప్పుకున్నట్టే.

బీచ్‌రోడ్డు_కోచ్
దానికి ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. ఇథియోపియా రన్నర్ హైలే గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్‌లో ఇండోర్ 2000 మీటర్లు 4 నిమిషాల 52.86 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. తనకు కావలసిన వేగానికి సరిపోయే ఒక టెక్నో పాటను స్టేడియం స్పీకర్లలో వెయ్యమని అడిగి వేయించుకున్నాడు. చెవిలో ఏమీ లేదు, హాలంతటికీ అదే పాట. కానీ గమనించండి, ఆ పాట అతణ్ణి ఊరించడానికి కాదు. ఏ వేగంతో పరిగెత్తాలో అతనికి ముందే తెలుసు, ఆ వేగం తప్పకుండా పట్టి ఉంచే తాళం అది.

లయ_మృదంగం
ఇప్పుడు మా వీధిలోకి వచ్చారు! తాళం అన్న మాట వినపడింది కాబట్టి ఆగలేకపోయాను.

వ్యాయామానికి నిమిషానికి 120 నుంచి 140 బీట్ల పాటలు మంచివని రాస్తుంటారు. చురుగ్గా నడిచే నడక 120 దగ్గరే ఉంటుంది, అందుకని అది సరే. పరుగులో అడుగులు నిమిషానికి 160 నుంచి 180 దాకా పడతాయి. అంత వేగం పాటలు వెతుక్కోనక్కర్లేదు. 85 బీట్ల పాట తీసుకుని రెండో కాలంలో, అంటే ఒక్కో బీట్‌కు రెండేసి, అడుగులు వెయ్యండి, 170 అవుతుంది. మన డప్పు దరువుల్లో చాలా మటుకు అందుకే కాళ్ళను లేపుతాయి, ఒక దెబ్బకు రెండడుగులు పడతాయి.

తెల్లారిపరుగు గారూ, అసలు మీకు పాట పోయిందని ఎందుకనుకుంటున్నారు? మీ ఊపిరి చప్పుడు, బూట్ల చప్పుడు వినపడ్డాయన్నారు. అదే శ్రుతి, అదే లయ. వాటికి జతులు, అంటే తాళం పలికే మాటలు, కట్టండి. ‘తకిట తక’ అనుకోండి మనసులో. తకిటకు మూడడుగులు, ఊపిరి పీల్చండి. తకకు రెండడుగులు, వదలండి. మొత్తం ఐదు, ఖండగతి. ఐదు బేసి కాబట్టి ఊపిరి వదలడం ఒకసారి కుడికాలి మీద మొదలైతే, తర్వాతిసారి ఎడమకాలి మీద మొదలవుతుంది. ‘తకధిమి’ అని నాలుగు పట్టుకుంటే ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది, భారమంతా ఒక పక్కకే.

బీచ్‌రోడ్డు_కోచ్
లయ గారూ, ఇది మేం ‘మూడు రెండు’ అని నేర్పుతాం. ఖండగతి అని ఇప్పుడే తెలిసింది, రేపటి నుంచి పిల్లలకు మీ జతితోనే చెబుతాను. డొక్కపోటుకు ఇదే మందు అని నేననను గానీ, నా దగ్గర కొందరికి పనికొచ్చింది.

చెడుగుడు_పాలకొల్లు
మా ఆటలో పాటా ఊపిరీ ఒకటే. కూత. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి కోర్టులోకి వెళ్ళాలి, కూత ఆగితే అవుట్. ముప్ఫై సెకన్ల రైడ్‌లో మీ ఊపిరి ఎంత మిగిలిందో మీ గొంతే మీకు చెబుతుంది. గొంతు సన్నబడిందంటే వెనక్కి తిరగాలి. కుర్రాళ్ళు భయపడితే ముందు కూత వేగం పెరుగుతుంది, కాళ్ళ కంటే ముందే. అందుకే మా పెద్దలు ‘కూత నిదానం, కాలు చురుకు’ అనేవారు. బయటి పాట మాకెందుకు, లోపలిది చాలదా?

షటిల్_గుంటూరు
చెడుగుడు అన్న చెప్పింది చదువుతుంటే సింధు గుర్తొచ్చింది. చిన్నప్పుడు కోర్టులో చాలా నెమ్మదిగా ఉండేదట. గోపీచంద్ గారు అకాడమీలో అందరి మధ్యా నిలబెట్టి గట్టిగా అరవమన్నారు, అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు. ఆ పిల్ల ఏడ్చిందట కూడా. 2016 రియోలో సింధు పాయింటు పాయింటుకూ అరిచిన అరుపు మనందరం టీవీలో విన్నాం. రజతం తెచ్చింది. అంతకుముందు మూడు నెలలు ఆమె ఫోన్ కూడా ఆయన తీసేసుకున్నారు, ఆ సంగతి అప్పట్లో అన్ని పేపర్లలోనూ వచ్చింది.

మా అమ్మాయికి పదమూడేళ్ళు, జిల్లా స్థాయిలో ఆడుతుంది. మ్యాచ్‌కు ముందు చెవిలో పాట పెట్టుకుని మూల కూర్చుంటుంది. మొదటి గేమ్ పోయిందంటే మొహం వేలాడేసుకుంటుంది. కోర్టులో పాట ఉండదు, అరవడం రాదు, మరి ఆ పిల్ల దేన్ని పట్టుకోవాలి? ఎవరైనా చెప్పండి.

ఈత_ఏలూరు
షటిల్ గారికి, తెల్లారిపరుగు గారికి కలిపి చెబుతాను. మైకేల్ ఫెల్ప్స్ తెలుసుగా. స్టార్టింగ్ బ్లాక్ దగ్గరికి వచ్చేదాకా చెవులకు హెడ్‌ఫోన్స్ ఉంటాయి. మీ అమ్మాయి చేసేది తప్పేం కాదన్నమాట. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్. నీళ్ళలోకి దూకగానే కళ్ళద్దాల్లోకి నీళ్ళు వచ్చేశాయి. చివరికి దాదాపు ఏమీ కనపడలేదు. గోడ ఎక్కడుందో తెలియదు. చేతుల లెక్క పెట్టుకుంటూ ఈదాడు. ఒక్కో పొడవుకు తనకు ఎన్ని స్ట్రోకులు పడతాయో తెలుసు కాబట్టి ఆ లెక్కకు గోడ అందుకున్నాడు. 1 నిమిషం 52.03 సెకన్లు, ప్రపంచ రికార్డు, బంగారం.

అది అదృష్టం కాదు. ఆయన కోచ్ బాబ్ బౌమన్ చిన్నప్పటి నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే రేస్ మొత్తం మనసులో చూసుకోమనేవాడు. బాగా జరిగిన రేసే కాదు, చెడిపోయిన రేసు కూడా. మా కోచ్ ఏలూరులో మాకు కళ్ళు మూయించి 25 మీటర్లు ఈదించేవారు. మొదటి రోజు తల గోడకు కొట్టుకున్నాను. పదిహేను రోజులకు పద్దెనిమిదో చేతికి గోడ వస్తుందని చెయ్యికే తెలిసిపోయింది.

షటిల్_గుంటూరు
అంటే ఓడిపోయిన మొదటి గేమ్‌ను కూడా ఇంట్లోనే ముందే చూసుకోవాలంటారు. ఈ రాత్రే మా అమ్మాయితో కూర్చుంటాను. చాలా థ్యాంక్స్ అండీ.

ఉక్కుపిడికిలి
నాలాంటివాడు ఒలింపిక్స్‌కు వెళ్ళడు. రోజంతా ఆఫీసులో టెన్షన్, సాయంత్రం 7కి జిమ్. ఆ గంట పాట వింటూ బరువులెత్తితే బుర్ర తేలికవుతుంది. అందరూ కలిసి పాటను దోషిని చేస్తున్నారని నా బాధ.

వాకింగ్_అమ్మమ్మ
ఉక్కుపిడికిలి బాబు చెప్పింది నిజం. నాకు అరవై ఏడు. రెండేళ్ళ కిందట మోకాలు మార్చారు. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ వచ్చి కాలు వంచుతుంటే ప్రాణం పోయేది. మూడో రోజు నేను తలుపు తియ్యనన్నాను. ఆ పిల్ల ఏం చేసిందంటే, ఫోన్‌లో మా కాలం పాట ఒకటి పెట్టి ‘పల్లవి అయ్యేదాకా వంచుదాం అమ్మా, చరణంలో రెస్టు’ అంది. మా ఆయన నాటకాల్లో హార్మోనియం వాయించేవారు, ఆ పాట ఆయన వాయిస్తుంటే వంటింట్లోంచి వినేదాన్ని. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఆ పల్లవి వస్తుంటే కాలు నొప్పి ఉంది, కానీ పక్కన మనిషి ఉన్నట్టుంది. ఆరు వారాలకు మోకాలు 110 డిగ్రీలు వంగింది.

ఊతకర్ర పారెయ్యమని పైన ఎవరో రాశారు. ఊతకర్ర పట్టుకుని నడిచినదాన్ని చెబుతున్నా నాయనా, దాన్ని పారెయ్యరు. అవసరం తీరాక మూల పెడతారు, మళ్ళీ కావలసి రావచ్చు.

నిశ్శబ్దనడక
అమ్మా, నేనే రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను పోటీలకు వెళ్ళే కుర్రాళ్ళను దృష్టిలో పెట్టుకుని అన్నాను, మీ సంగతి నాకు తట్టలేదు.

రోకటిపాట
మా నానమ్మ వాళ్ళు నాట్లేసేటప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటే ఇరవై మంది అందుకునేవారు, నడుములు ఒక్కసారే వంగేవి. పడవవాళ్ళు హైలెస్సా అంటే తెడ్లన్నీ ఒకేసారి పడతాయి. అక్కడ పాట అలసట మరిపించడానికే కాదు, అందరి ఒళ్ళూ ఒకటి చెయ్యడానికి. మనం ఒక్కొక్కరం చెవిలో వేరే వేరే పాట పెట్టుకుని ఒకే రోడ్డు మీద పరిగెత్తుతున్నాం. నాకు అదొక్కటే లోటనిపిస్తుంది.

వినికిడి_క్లినిక్
ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది, చెవి. నేను ఆడియాలజిస్టును. 80 డెసిబెల్స్ అయితే పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి. జిమ్‌లో స్పీకర్లు ఎలాగూ మోగుతుంటాయి, దాని మీద మన పాట వినపడాలని వాల్యూమ్ ఇంకా పెంచుతారు. బయటికొచ్చాక చెవిలో గుయ్‌మంటోందంటే ఆ రోజు ఎక్కువైందని అర్థం. నా దగ్గరికి పాతికేళ్ళ కుర్రాళ్ళు వస్తున్నారు, చెప్పడానికి నాకు బాధగా ఉంటుంది.

ఇంకో మాట, ఆడవాళ్ళకు ప్రత్యేకంగా. తెల్లవారుజామున 5కి రోడ్డు మీద రెండు చెవులూ మూసుకోకండి. వెనక వచ్చే బండి, కుక్క, మనిషి, మూడూ వినపడాలి.

తెల్లారిపరుగు
వినికిడి గారూ, ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. నా ఊపిరి చప్పుడు విని ఎవరో వస్తున్నారనుకున్నానని రాశాను కదా. నిజంగా ఎవరైనా వచ్చి ఉంటే అప్పటిదాకా నాకు తెలిసేదే కాదు.

డల్లాస్_పరుగు
నేను రోడ్డు వైపు చెవి ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. మీ దగ్గర ట్రాఫిక్ ఎడమ పక్కన నడుస్తుంది కాబట్టి వాహనాలకు ఎదురుగా, రోడ్డుకు కుడి పక్కన పరిగెత్తండి. వచ్చేది కనపడుతుంది కూడా.

బీచ్‌రోడ్డు_కోచ్
తెల్లారిపరుగు గారూ, పోటీకి ఇంకా ఆరు వారాలుంది. నేను నా పిల్లలకు చెప్పేదే మీకూ చెబుతాను. బద్ధకంగా ఉన్న రోజు ఇంటి నుంచి బయటపడటానికి పాట పెట్టుకోండి, తప్పు లేదు. తేలిక పరుగు రోజుల్లో ఒక చెవిలో పెట్టుకోండి. వారానికి ఒక్క పరుగు, అదీ లాంగ్ రన్, మొదటి సగం పాట లేకుండా. ఆఖరి సగం కాదు, మొదటి సగం. ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు మీ చప్పుడుతో మీకు పరిచయం కావాలి. అలసిపోయాక పరిచయం చేసుకుంటే మొన్న జరిగినట్టే జరుగుతుంది. మూడు వారాలయ్యాక తిరగెయ్యండి, పాట మొదట, నిశ్శబ్దం చివర. ఆఖరి వారం పాట అసలు వద్దు. పరుగు అయిపోయాక మాత్రం నెమ్మదైన పాట వినండి, గుండె దిగడానికి హాయిగా ఉంటుంది.

సూర్యాపేట తమ్ముడూ, నువ్వు తర్వాత ఏం చేశావో రాయలేదు.

ఖాకీకల_సూర్యాపేట
మళ్ళీ మొదలుపెట్టాను సార్. మా ఊరి స్కూల్ గ్రౌండులో ఎనిమిది మందిమి కలిసి పరిగెత్తుతున్నాం. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి చెట్టుకు తగిలిస్తాం. పక్కవాడి అడుగు పట్టుకుని పరిగెత్తడం నేర్చుకున్నాను. 400 మీటర్లు ఒక నిమిషం 45 సెకన్లకు వచ్చేలా, వాచీ చూడకుండా. ఇప్పుడు ఒకటి రెండు సెకన్ల తేడాతో చెప్పగలను. నాలుగు రౌండ్లు 7 నిమిషాలకు అవుతుంది.

కొండవెలగాడ_బరువు
శభాష్ తమ్ముడూ. రోకటిపాట గారు అడిగింది మీ గ్రౌండులో ఉంది చూశావా.

లయ_మృదంగం
ఎనిమిది మంది ఒకే అడుగు అంటే అష్టావధానమే!

తెల్లారిపరుగు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మొదటి ఆదివారం కోచ్ గారు చెప్పినట్టే మొదటి ఏడు కిలోమీటర్లు పాట లేకుండా. ఘోరంగా ఉంది. రెండో కిలోమీటరులో ఆఫీసు మెయిల్ ఒకటి గుర్తొచ్చి, దాని మీద మనసులోనే పోట్లాడుతూ వేగం పెంచేశాను. రెండో ఆదివారం ‘తకిట తక’ పట్టుకున్నాను. వందసార్లు కూడా కాలేదు, తప్పిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను. సంజీవయ్య పార్కు దగ్గర ఎవరో ముసలాయన చేతికర్రతో నడుస్తున్నారు, ఆ కర్ర టక్‌మన్న ప్రతిసారీ నా ‘తక’ పడింది, కాసేపు ఆయన తాళం వేస్తుంటే నేను పరిగెత్తాను.

నిన్న 18 కిలోమీటర్లు. ఇయర్‌బడ్స్ జేబులో ఉన్నాయి, పెట్టుకోవాలని పదిహేనో కిలోమీటరులో గట్టిగా అనిపించింది. జేబు మీద చెయ్యి వేసి కూడా తీసేశాను. అక్కడ గుండె వేగం 156. డొక్కలో పట్టింది, వదిలింది. అయిపోయాక అదే టీ బండి దగ్గర, అదే బల్ల మీద కూర్చుని మా అమ్మకు ఇష్టమైన పాట పెట్టుకుని టీ తాగాను. ఎందుకో కళ్ళు తడిశాయి.

లయ_మృదంగం
ఎక్కువగా ఎక్కడ తప్పుతోంది?

తెల్లారిపరుగు
ఎత్తు ఎక్కేటప్పుడు. ఫ్లైఓవర్ మొదలవగానే ఊపిరి చాలక తకధిమిలోకి జారిపోతున్నాను.

బీచ్‌రోడ్డు_కోచ్
ఎత్తు మీద రెండు అడుగులకు పీల్చి ఒక అడుగుకు వదలండి. ‘తకిట’ ఒక్కటే. దిగేటప్పుడు మళ్ళీ ఐదుకు రండి.

వాకింగ్_అమ్మమ్మ
పోటీ జరిగే ఆదివారం నేను నెక్లెస్ రోడ్డుకు వచ్చి నిలబడతానమ్మా. కోడలు కారులో తీసుకొస్తానంది. ఏ రంగు బనీను వేసుకుంటావో చెప్పు.

తెల్లారిపరుగు
పసుపుపచ్చ, అమ్మమ్మా. 5 గంటలకే బయల్దేరతాం, చలిగా ఉంటే శాలువా తెచ్చుకోండి.